దసరాకి పెట్టె రావడం లేదు

1965 పాకిస్తాన్ యుద్ధంలో అసల్ ఉత్తర్ దగ్గర జరిగిన ట్యాంకుల పోరు మీద నేను చేసిన బోర్డు ఆటకి ముందే డబ్బు కట్టిన 62 మందికీ, ఆదివారం సాయంత్రం మన కర్నూలు అంగట్లో బల్ల చుట్టూ చేరేవాళ్లకీ ఈ మాట. దసరాకి ఇస్తానన్న పెట్టె దసరాకి ఇవ్వలేను. దీపావళి దాటుతుంది.

మ్యాపు, రూల్సు పుస్తకం, పాచికలు వచ్చేశాయి, బాగున్నాయి. చెడిందల్లా మ్యాపు మీద కదిపే బిళ్ళలే. ఒక్కోటి 16 మిల్లీమీటర్ల చదరం. ముందువైపు దళం పూర్తి బలం, తిప్పితే దెబ్బతిన్నాక మిగిలే బలం. ముందువైపు అద్దంలా ఉంది. వెనకవైపు ప్రింటు 2 మిల్లీమీటర్లు ఎడమకి జరిగి, కటింగులో అంచు తెగిపోయింది. దెబ్బతిన్న పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకుల దళానికి దాడి బలం 8. ఎడమ సగం పోయి ఇప్పుడది 3లా కనిపిస్తోంది. ఆ పోరులో జీపు మీది ఫిరంగితో ప్యాటన్లని పేల్చిన మన అబ్దుల్ హమీద్ జీపు బిళ్ళకి వెనకవైపు ఏమీ లేదు కాబట్టి అదొక్కటి బాగుంది.

"8 అని చీటీ రాసి పెట్టెలో వేసెయ్ అన్నా, సర్దుకుంటాం" అన్నారు కొందరు. నాకు మనసొప్పలేదు. 8 బలంతో 4 బలమున్న దళం మీదకి వెళ్తే రెండుకి ఒకటి, ధైర్యం చేయొచ్చు. 3తో 4 మీదకి ఎవరు వెళ్తారు? 1965 సెప్టెంబరులో ఖేమ్‌కరణ్ దాటి వచ్చిన పాకిస్తాన్ ప్యాటన్లు నాసిరకం బళ్లు కావు. ఎదురుగా మన దక్కన్ హార్స్ ట్యాంకు రెజిమెంటు దగ్గరున్నవి రెండో ప్రపంచ యుద్ధం నాటి షెర్మన్ ట్యాంకులు. మన 4వ మౌంటెన్ డివిజన్ గుర్రపు నాడా ఆకారంలో కాచుకుంది. చెరకు తోటల్లోకి నీళ్లు వదిలారు, ప్యాటన్లు బురదలో దిగబడ్డాయి. నంద్యాల వైపు నల్లరేగడిలో వాన పడ్డాక ట్రాక్టరు దించినవాళ్లకి దీని సంగతి నేను చెప్పక్కర్లేదు. తడి చెరకు గడిలో కాలు పెడితే ఆ వంతుకి కదలిక అంతటితో సరి అని రూలు పెట్టింది అందుకే. ప్యాటన్ బలమే 3 అయితే ఇక ఆ నీళ్లెందుకు, ఆ చెరకెందుకు?

స్టిక్కర్లు కూడా అంటించి చూశాను. రెండాటలకే చెమట వేళ్లకి లేచొచ్చాయి.

తప్పులో నా వాటా ఉంది. పంచ్ చేసిన శాంపిల్ చూడకుండా, కంప్యూటర్లో ప్రూఫ్ చూసి ఓకే అన్నాను. కానీ షీటు మీద స్కేలు పెట్టి చూపిస్తే ఆ ప్రెస్సాయన, "పిల్లలాడుకునే బిళ్ళలకి ఇంత రాద్ధాంతమా సార్" అన్నాడు. ఈ ఆట మీద నేను మూడేళ్లు కూర్చున్నాను. వారం తర్వాత ఆయనే ఫోన్ చేసి, సగం రేటుకి మళ్లీ వేసిస్తానన్నాడు. సారీ మాత్రం చెప్పలేదు. నాలుగు రాత్రులు నిద్ర లేదు. సరేనంటే నాకు 19 వేలు మిగులుతాయి, దసరాకే పెట్టె మీ చేతుల్లో ఉంటుంది. "ఒక్క మాటకి 19 వేలా?" అంది మా ఆవిడ. జవాబు చెప్పలేకపోయాను. అయినా ఆ ప్రెస్సు మెట్లెక్కబుద్ధి కాలేదు. మొండితనమే అనుకోండి. చీటీ పాడి, 38 వేలు వేరే ప్రెస్సుకి కట్టాను. అక్కడ బిళ్ళలు కోసే అచ్చు, అదే డై, మొదటి నుంచీ చేయించాలి, అందుకే ఈ ఆలస్యం. నా పట్టుదలకి మీరు ఆగాల్సి రావడం ఒక్కటే గుచ్చుతోంది.

మీ దగ్గర రూపాయి ఎక్కువ తీసుకోను. ఆగలేనివాళ్లు అడిగిన రోజే డబ్బు వెనక్కిస్తాను, ఎందుకని అడగను. మొహం కాస్త మాడుతుందేమో, పట్టించుకోకండి. ఆదివారం బల్ల మామూలే. చెడిన బిళ్ళల మీద 8 అని స్కెచ్ పెన్నుతో రాసి ఉంచాను, అంతవరకూ వాటితోనే ఆడదాం.

ఈసారి పంచ్ అయి వచ్చిన మొదటి షీటు గల్లాపెట్టె పక్కన పెడతాను. స్కేలు కూడా అక్కడే ఉంటుంది.