ఫ్లమెంకోలో పెద్దపీట పాటది

సంపాదకులకు నమస్కారం.

పాట, గిటారు, నాట్యం కలిసిన స్పెయిన్ కళ ఫ్లమెంకో గురించి మన పత్రికల్లో వచ్చే రాతల్లో ఎర్ర గౌను, చేతిలో కాస్టనెట్లు (వేళ్లతో మోగించే చెక్క చిప్పలు), చివర్లో ‘ఇది మన కథక్ నుంచే పుట్టింది’ అనే మాట తరచూ కనిపిస్తాయి. అసలు పాట ప్రస్తావనే ఉండదు. దక్షిణ స్పెయిన్‌లోని ఆండలూసియాలో, సెవిల్, హెరెస్, కాడిజ్ ఊళ్లలో పెరిగిన ఈ కళలో గాయకుడే పెద్ద. గిటారు, నాట్యం అతని వెంట నడుస్తాయి.

కథక్ సంగతి. ఫ్లమెంకోతో పెనవేసుకున్న గీతానోల (స్పెయిన్‌లోని రోమా జనం) పూర్వీకులు వాయవ్య భారతం నుంచి వెళ్లారనడానికి వారి భాషే ఆధారం. స్పెయిన్‌లో వారి రాకకు 1425 నాటి రాజపత్రం ఉంది. ఫ్లమెంకో రూపుకట్టింది మాత్రం అక్కడే, 18వ శతాబ్దం చివరి నుంచి 19వ శతాబ్దంలో. రెండింట్లోనూ పాదాలు గట్టిగా మోగుతాయి కదా అని చుట్టరికం కలిపేయడం తొందరపాటు.

మన పాఠకులకు తాళం తెలుసు. కాబట్టి అక్కడి నుంచి చెబితే బాగా అందుతుంది. సొలేయా అనే పాట రకానికి 12 దెబ్బల ఆవర్తం. ఊనిక 3, 6, 8, 10, 12 మీద పడుతుంది. అంటే 3+3+2+2+2, బరువంతా ప్రతి గుంపు చివర. మనకు సమం మీద ఊనడం అలవాటు. అదే అలవాటుతో ఒకటో దెబ్బ మీద కాలు ఊనితే ఆవర్తమంతా ఒరిగిపోతుంది. ముక్తాయింపు సాధారణంగా పదో దెబ్బకు పడుతుంది, మిగతా రెండూ ఊపిరి తీసుకునే చోటు. సిగిరియా అనే మరో రకంలోనూ ఊనికలు అవే, కానీ ఎత్తుగడ ఎనిమిది నుంచి. దాంతో నడక 2+2+3+3+2గా మారి, పాట బరువెక్కుతుంది. వేగంగా సాగే బులేరియా రకానికి ఈ పన్నెండే పరుగెత్తుతాయి.

వేదిక మీద సైగలన్నీ ఈ లెక్కలోనే. నర్తకి ‘యమాదా’ అనే అడుగుల వరుసతో గాయకుణ్ణి పిలుస్తుంది. అతను ఎత్తుకోగానే పాదాలు నెమ్మదించాలి. చరణం మీదుగా టపటపా కొట్టడం కొత్తవారు చేసే పెద్ద తప్పు, మాట వినపడదు. చప్పట్లకూ ఇదే నియమం: పాట కింద అరచేతులు దొప్పలా ముడిచి వేసే మెత్తని ‘సోర్దాస్’, అడుగుల ఘట్టంలో వేళ్లతో అరచేతిని చరిచే ‘క్లారాస్’. గిటారిస్టు మెడ మీద తీగలను నొక్కిపట్టే కేపో అనే బిగింపును బిగించేది గాయకుడి గొంతుకు శ్రుతి కుదరడానికి. చేతులతో వాయించే కాహోన్ అనే చెక్క పెట్టె మాత్రం నిన్నమొన్నటిది, 1970లలో గిటారిస్టు పాకో దె లూసియా పెరూ నుంచి తెచ్చినది.

ఈ కళాకారులను మన ఊళ్లకు పిలిచే నిర్వాహకులకు ఒక మాట. వారి బూట్ల ముందు భాగానికీ మడమకూ మేకులుంటాయి. తివాచీ పరిస్తే ఆ చప్పుడు చచ్చిపోతుంది. సిమెంటు మీద నేరుగా ప్లైవుడ్ వేసినా మొద్దుగానే మోగుతుంది, పైగా దెబ్బంతా మోకాళ్లకు ఎక్కుతుంది. కింద ఖాళీ ఉండేలా దూలాల మీద బిగించిన చెక్క వేదిక కావాలి. నేల దగ్గరి మైకును గాయకుడి మైకు కంటే పెంచకండి.

పత్రికకు మా విన్నపం: ఫొటో కింద నర్తకి పేరొక్కటే వేసి ఊరుకోకుండా, గాయకుడు, గిటారిస్టు, చప్పట్లు వేసేవారు, అందరి పేర్లూ ప్రచురించండి.

– కొందరు ఫ్లమెంకో అభ్యాసకులు, హైదరాబాద్