తల్లి కన్నీళ్ల మీదకు నెట్టేయడం తగదు

సంపాదకులకు,

‘గర్భిణి దిగులుతో బిడ్డకు ఆటిజం’ అని పోయిన వారం జిల్లా పేజీలో వేశారు. ఆటిజం అంటే మాట, నలుగురితో కలవడం చిన్నప్పటి నుంచే వేరుగా ఉండే ఎదుగుదల తేడా. వార్త లోపల ‘సంబంధం ఉండొచ్చు’ అని రాసి, శీర్షికలో ఆ ‘ఉండొచ్చు’ను తీసేశారు. మన ఊళ్లలో చాలామంది చదివేది శీర్షికే. మాటలు రాని మనవణ్ని చూపించి ‘కడుపుతో ఉన్నప్పుడు నువ్వు ఏడ్చావు కాబట్టే’ అని కోడల్ని అనడానికి అది చాలు. ఆరు రోజులు ఆగి చూశాను, సవరణ రాలేదు.

మీరు చెప్పిన అమెరికాలోని లూసియానా తుపాన్ల అధ్యయనం 2008 నాటిది. తుపాను దెబ్బ గట్టిగా తిన్న తల్లుల పిల్లల్లో, ముఖ్యంగా ఐదారు నెలల్లో గానీ తొమ్మిదో నెలలో గానీ ఆ దెబ్బ తగిలినవాళ్ల పిల్లల్లో, ఆటిజం ఎక్కువ కనిపించిన మాట నిజమే. కానీ 2009లో డెన్మార్కులో సుమారు 15 లక్షల కాన్పుల రికార్డులు తిరగేస్తే, అయినవాళ్లు పోయి దుఃఖపడ్డ తల్లుల పిల్లల్లో ఆటిజం పెరగలేదు. దాన్ని ఎందుకు వదిలేశారు? తుపానంటే దిగులొక్కటే కాదు కదా. తిండి, నీళ్లు, మందులు, జ్వరాలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. దేనివల్ల ఏమైందో విడదీయడం కష్టం. పైగా ఆటిజంలో జన్యువుల పాత్రే పెద్దది. 2018లో తిత్లీ తుపానుకు పలాస చుట్టుపక్కల నిండు గర్భంతో చీకట్లో గడిపిన ఆడవాళ్లకు మీ శీర్షిక ఎలా తగిలి ఉంటుంది? తల్లి ప్రేమ చూపకే ఆటిజం వస్తుందని ఒకప్పుడు వైద్యులే అన్నారు. అది తప్పని తేలేలోపు ఎందరు తల్లులు కుమిలిపోయారో.

గర్భంతో ఉండగా తల్లి వాడితే బిడ్డకు ఆటిజం ముప్పు పెంచుతుందని గట్టిగా తేలినవాటిలో ఫిట్స్‌కు వాడే వాల్‌ప్రోయేట్ మందు ఒకటి. దాని ఊసే లేదు. ఆ మందు వాడేవాళ్లు గర్భం అనుకోకముందే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి. సొంతంగా ఆపేస్తే ఫిట్స్ వచ్చి తల్లి ప్రాణం మీదకే వస్తుంది.

ఇక అధికారుల సంగతి. ప్రతి నెలా 9న గర్భిణులకు పరీక్షలంటారు. బరువు, బీపీ, రక్తం చూసి పంపేస్తే ఎలా? ‘రెండు వారాలుగా మనసు దిగులుగా ఉంటోందా? ఏ పని మీదా ఆసక్తి పోయిందా?’ అన్న రెండు ప్రశ్నలకు నిమిషం పట్టదు. అవునంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ లైను టెలీమానస్‌ (14416)కు ఫోన్ చేయించవచ్చు. బిడ్డకు ఆటిజం వస్తుందని భయపెట్టి కాదు, ఆ తల్లి నిద్ర, తిండి కోసం.

పుట్టాక చూడాల్సినవి వేరే ఉన్నాయి. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, ఏడాదిన్నరకు ‘అదిగో కాకి’ అని చూపిస్తే అటు చూడకపోవడం, కావలసింది వేలితో చూపకపోవడం, బొమ్మకారును వదిలి దాని చక్రాన్నే తిప్పుతూ కూర్చోవడం. ఇవి కనిపిస్తే ‘మగపిల్లలకు మాట ఆలస్యం’ అని ఆగకుండా పిల్లల ఎదుగుదల లోపాలు చూసే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి (డీఈఐసీ) తీసుకెళ్లాలి.

ఈ గుర్తులను, డెన్మార్కు సంగతిని ఆ శీర్షిక వేసినంత పెద్ద అక్షరాల్లో, అదే పేజీలో వేయండి.

– ఒక పాఠకురాలు, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా