పార్కులో ఓ మూల కుక్కలకూ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

విశాఖలో పార్కులకు కొదవ లేదు. శివాజీ పార్కు, సెంట్రల్ పార్కు, వుడా పార్కు, తెన్నేటి పార్కు, ఇవి కాక కాలనీల్లో చిన్నాచితకా బోలెడు. కానీ మా వీధి చివరి పార్కు దగ్గరికి కుక్కతో వెళ్తే గేటు దగ్గరే వాచ్‌మన్ చెయ్యి అడ్డం పెడతాడు. "లోపలికి తేవద్దమ్మా, తర్వాత నేను మాట పడాలి" అంటాడు. ఆయన్ని అని ఏం లాభం? బోర్డు మీద అలా రాసి ఉంది. దాంతో కుక్కల్ని పెంచుకునే వాళ్లందరికీ మిగిలేవి రెండే: రోడ్డు, బీచ్. ఈ రెండూ కుక్కలు తిరగాల్సిన చోట్లు కావని, కుక్కను పెంచుకుంటున్న నేనే చెబుతున్నాను.

ముందు బీచ్ సంగతి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట మన ఒడ్డుకొచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి వెళ్తాయి. అటవీ శాఖ వాళ్లు తెల్లారేలోపు ఆ గుడ్లను ఏరి, కంచె వేసిన హేచరీల్లో పూడ్చి, పిల్లలు బయటికి వచ్చాక సముద్రంలో వదులుతారు. వాళ్ల కంటే ముందు కుక్క ముక్కుకు వాసన తగిలిందంటే ఆ గూడు పోయినట్టే. వీధి కుక్క తవ్వినా, నాలుగో అంతస్తులో ఏసీలో పడుకునే ల్యాబ్రడార్ తవ్వినా తాబేలుకు జరిగే నష్టం ఒకటే. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న జీవి అది. అయినా ఆర్కే బీచ్‌లో తెల్లవారుజామున గొలుసు విప్పేసి, "మావాడు ఏం చెయ్యడండీ" అని నవ్వే పెద్దమనుషులు కనబడుతూనే ఉంటారు.

రెండో సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడనిది. డీవార్మింగ్ (కడుపులో పురుగులు పోయే మందు) చేయించని కుక్క ఇసుకలో మలవిసర్జన చేస్తే అందులోని కొంకి పురుగు గుడ్లు పిల్లలై తడి ఇసుకలో కాచుకుని ఉంటాయి. చెప్పుల్లేకుండా నడిచే వాళ్ల అరికాలి చర్మంలోకి దూరతాయి. ఎర్రగా, వంకరటింకర గీతలా పాకుతూ ఒకటే దురద. ఇసుకలో గుళ్లు కట్టుకునే చిన్నపిల్లలకే ఈ బెడద ఎక్కువ. అది మన కుక్క వల్ల వచ్చిందని ఎవరూ నిరూపించలేరు కాబట్టి మనకు పట్టదు.

ఇక రోడ్డు. ప్రతి సందుకూ ఓ వీధి కుక్కల గుంపు ఉంటుంది. పరాయి కుక్క వచ్చిందంటే వాటికి టెన్షన్, మనకు అంతకంటే టెన్షన్. మే నెలలో అయితే పొద్దున్న ఎనిమిదికే తారు కాలుతుంటుంది. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే ఒంటి వేడి తగ్గించుకోవాలి. మన ఉక్కపోతలో అదీ సరిగా సాగదు. కంబాలకొండ వైపు తీసుకెళ్లమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. అది అభయారణ్యం, మన కుక్కల్ని అడవి జంతువుల మధ్యకు తీసుకెళ్లకపోవడమే మంచిది.

అందుకని అడిగేది ఒకటే. ఉన్న పార్కుల్లోనే ఓ మూల కంచె వేసి ఇవ్వండి. హైదరాబాద్ కొండాపూర్‌లో 2018లో సుమారు 1.3 ఎకరాల్లో కుక్కల పార్కు పెట్టారు. మనకు అంత హంగు అక్కర్లేదు, ఈత కొలను అసలే వద్దు. కావాల్సింది ఛాతీ ఎత్తు కంచె, ఒకదాని వెనక ఒకటి రెండు గేట్లు. మొదటిది మూశాకే రెండోది తీస్తే ఏ కుక్కా రోడ్డు మీదికి ఉరకదు. చిన్న కుక్కలకు విడిగా కొంత జాగా ఉండాలి, లేకపోతే ఆటలోనే పొమరేనియన్ మీద జర్మన్ షెపర్డ్ పడుతుంది. రెండు వేప చెట్ల నీడ, ఓ కుళాయి, నీళ్లు నిలవకుండా కాలువ, మూత ఉన్న చెత్తడబ్బా. అదీ కుదరకపోతే కనీసం వేళలు పెట్టండి. పార్కుల్లోకి పెంపుడు జంతువుల్ని పూర్తిగా నిషేధించవద్దని, కావాలంటే వేళలు నిర్ణయించుకోవచ్చని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే సూచించింది. వాకింగ్ వాళ్లకు కుక్కలంటే భయం ఉండటం తప్పు కాదు, అందుకే కంచె అడుగుతున్నాం.

పెంచుకునే వాళ్లూ ఊరికే వస్తామంటే కుదరదు. లైసెన్సు, రేబిస్ టీకా కాగితం చూపించాకే గేటు తీయాలి. ఎదకొచ్చిన ఆడకుక్కను ఆ రోజుల్లో ఇంట్లోనే ఉంచాలి. కుక్క మలం ఎత్తే సంచీ లేకుండా వచ్చినవాణ్ణి మొహమాటం లేకుండా వెనక్కి పంపాలి. పనిమనిషి చేతికి గొలుసిచ్చి, కుక్క ఎక్కడ ఏం చేసిందో తెలియనట్టు ఉండే అలవాటు మనలో చాలామందికి ఉంది. జరిమానా పడితే గానీ అది పోదు.

జీవీఎంసీ (మన నగర పాలక సంస్థ) ముందు జోన్‌కు ఒక్క పార్కులో మొదలుపెట్టినా చాలు. తాబేళ్లు గుడ్లు పెట్టే నెలల్లో బీచ్‌లో కుక్కల గొలుసు విప్పకూడదని బోర్డులు పెట్టాలంటే, ఆ లోపే ఈ మూలలు సిద్ధం కావాలి. నెలనెలా రుసుము పెట్టినా కడతాం. కాకపోతే ఆ డబ్బు ఆ మూల శుభ్రానికే ఖర్చు పెట్టాలి.

- ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం