అలైన్‌మెంట్‌కు ముందు బండిని జాకీ మీద ఎత్తి చూడాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

గత నెలలో నార్కట్‌పల్లి దగ్గర మేకు దిగి మా కారు ఎడమవైపు ముందు టైరు పంక్చరైంది. షాపతను చక్రం విప్పి నేల మీద పడుకోబెట్టగానే, అప్పటిదాకా నా కంటపడని లోపలి అంచు కనిపించింది. బయటివైపు గాడులు దాదాపు కొత్త టైరులో ఉన్నంత లోతుగానే ఉన్నాయి. లోపలి అంచున మాత్రం రబ్బరు పూర్తిగా అరిగిపోయి, రెండు వేళ్ల వెడల్పున ఇనుప తీగలు తేలి మెరుస్తున్నాయి. ఆ టైరు వేయించి ఏడాది కూడా కాలేదు. ముందురోజే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని విజయవాడ రహదారి మీద గంటకు 80 కిలోమీటర్ల వేగంతో దానిమీదే వచ్చాను. పాత కార్లు నడిపేవారికి, వాటిని బాగుచేసేవారికి ఈ విషయం చెప్పాలన్న ఆత్రుతతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2009 మోడల్ ఆల్టో. ఉద్యోగరీత్యా రోజూ నల్లగొండ నుంచి హాలియాకు వెళ్లి వస్తాను. బండి ఎడమకు లాగుతోందని ఆరు నెలల్లో మూడుసార్లు వీల్ అలైన్‌మెంట్ (చక్రాలు సరైన కోణంలో నిలిచేలా సరిచేయడం) చేయించాను. ప్రతిసారీ చక్రాలకు సెన్సార్లు బిగించి, తెర మీద ఎర్రగా ఉన్న అంకెలు పచ్చగా మారేదాకా సరిచేసి, కాగితం చేతిలో పెట్టి పంపించారు. ఒక్కసారి కూడా బండిని ఎత్తి చక్రాన్ని చేత్తో పట్టుకొని కదిపి చూడలేదు. వారం పది రోజులు తిరిగేసరికి బండి మళ్లీ ఎడమకే లాగేది. నేనూ కాగితాన్ని నమ్మాను కానీ, వంగి టైరు చూడలేదు.

పంక్చరు తర్వాత మా వీధి చివరి పెద్ద మెకానిక్ దగ్గరికి వెళితే, ఆయన యంత్రం ఊసే ఎత్తకుండా ముందు చక్రాన్ని జాకీ మీద లేపారు. గడియారంలో 9, 3 అంకెలుండే చోట రెండు చేతులతో పట్టుకొని చక్రాన్ని అటూ ఇటూ కుదిపితే టక్ టక్‌మని చప్పుడు వచ్చింది. నా వేలిని టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీని చక్రానికి కలిపే జాయింట్) మీద పెట్టించి మళ్లీ కుదిపారు. రబ్బరు తొడుగు చిరిగి, గ్రీజు ఎండిపోయి, మట్టి చేరిన ఆ జాయింట్‌లో గుండు ఆడటం వేలికి స్పష్టంగా తెలిసింది. తర్వాత 12, 6 అంకెల చోట పట్టుకొని ఊపారు. అక్కడ ఆట (వదులు) ఉంటే చక్రం బేరింగ్‌నో, చక్రాన్ని కింది చేయికి కలిపే బాల్ జాయింట్‌నో అనుమానించాలట. అక్కడ బాగానే ఉంది. చివరికి రాడ్డుతో మీటి చూస్తే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి చట్రానికి కలిపే కింది చేయి) బుష్, అంటే దాని రబ్బరు దిండు కూడా చిరిగిపోయి కనిపించింది.

మూడుసార్లు అంకెలు పచ్చగా వచ్చినా టైరు ఎందుకు అరిగిందో అప్పుడు అర్థమైంది. యంత్రం మీద బండి కదలకుండా నిలబడి ఉంటుంది కాబట్టి, అరిగిన జాయింట్ ఒకచోట సర్దుకొని కూర్చుంటుంది, కొలత సరిగానే వస్తుంది. రోడ్డెక్కి బ్రేకు వేసినప్పుడు, గుంతలో పడినప్పుడు ఆ జాయింట్, ఆ బుష్ కదిలి చక్రం ముఖం పక్కకు తిరుగుతుంది. ఈ తిరుగుడు కంటికి ఆనదు. మా ఆల్టో టైరు అర మీటరుకు కాస్త ఎక్కువ ఎత్తుంటుంది. దాని ముందు అంచు, వెనుక అంచు ఒకే వరుసలో లేక 3 మిల్లీమీటర్ల తేడా వస్తే, కిలోమీటరు నడిచేసరికి టైరును ఐదు మీటర్లకు పైగా అడ్డంగా ఈడ్చినట్టే లెక్క. రోజూ అలా ఈడిస్తే ఏ రబ్బరు నిలుస్తుంది? అరిగిన భాగాలు రెండూ మార్పించి, ఆ తర్వాతే అలైన్‌మెంట్ చేయించాను. ఇప్పుడు బండి చేతిలో నిలకడగా ఉంది.

ఆ మెకానిక్ చెప్పిన మరికొన్ని గుర్తులు పాఠకులకు పనికొస్తాయి. స్టీరింగ్‌ను పూర్తిగా ఒక పక్కకు తిప్పితే ముందు టైరు లోపలి అంచు బయటికి వచ్చి కనిపిస్తుంది. అరచేతిని టైరు మీద అడ్డంగా, అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు నిమరాలి. ఒక వైపు నున్నగా జారి, మరో వైపు రంపపు పళ్లలా తగిలితే టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత, తప్పినట్టు. నడిమధ్యన అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ. అక్కడక్కడ గిన్నెల్లా గుంటలు పడితే షాక్ అబ్జార్బర్ల (కుదుపులను అణచే భాగాల) మీద అనుమానం. 80 వేగంలో స్టీరింగ్ వణికి, నెమ్మదిస్తే ఆగిపోతే చాలావరకు అది బ్యాలెన్సింగ్ (చక్రం చుట్టూ బరువు సమానంగా ఉండటం) లోపమే. అలైన్‌మెంట్‌తో అది పోదు. బండి ఒక పక్కకు లాగితే ముందుగా రెండు వైపులా గాలి సమానంగా ఉందో లేదో, బ్రేకు పట్టి ఆ చక్రం వేడెక్కుతోందో లేదో చూడాలి. ముందు టైర్లను ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చినప్పుడు లాగే దిక్కు కూడా మారితే, లోపం టైరులోనే ఉందన్నమాట. మన రోడ్లు నీరు జారిపోవడానికి ఎడమకు కొద్దిగా వాలి ఉంటాయి కాబట్టి స్వల్పంగా ఎడమకు జరగడాన్ని లోపమనుకోనక్కర్లేదు.

ఈ పరీక్షకు ఐదు నిమిషాలు పడుతుంది, కావలసింది ఒక జాకీ. అలైన్‌మెంట్ చేసే ప్రతి షాపులోనూ యంత్రం తగిలించేముందు ఈ పని చేయాలి, అరిగిన భాగం కనిపిస్తే దాన్ని మార్చకుండా అలైన్‌మెంట్ నిలవదని యజమానికి చెప్పాలి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, ఆపై ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ పరీక్షతో పునరుద్ధరించుకోవాలి. మా బండిని ఆ పరీక్షకు తీసుకువెళ్లినప్పుడు లైట్లు, హారన్, ఛాసిస్ నంబరు చూశారు కానీ ముందు చక్రాలను లేపి చూడలేదు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదని నిబంధన ఉంది. ఆ లోతును బయటి అంచున మాత్రమే చూస్తే మా టైరు కూడా నెగ్గుతుంది. పదిహేనేళ్లు దాటిన ప్రతి బండికీ స్టీరింగ్ జాయింట్లు కదిపి చూడటం, టైరు లోపలి అంచు చూడటం తప్పనిసరి చేయాలని రవాణా శాఖ అధికారులను కోరుతున్నాను.

ఈ భాగాలు అంత త్వరగా పోవడానికి మా దారిలోని స్పీడ్ బ్రేకర్లు కూడా కారణమే. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తుతో, కొన్ని మీటర్ల వెడల్పున వాలుగా ఉండాలి. ఊళ్లలో ఎవరికి వారు పోసుకున్న కాంక్రీటు దిమ్మెలు గోడల్లా నిలువుగా ఉండి, రంగు కూడా లేక రాత్రిపూట కనిపించడం లేదు. వాటినైనా సరిచేసి తెల్ల చారలు వేయించమని స్థానిక అధికారులకు మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
నల్లగొండ