విసిరే కత్తిని విసిరితే వారంటీ పోతుందా?

కస్టమర్ కేర్ వారికి నమస్కారం.

మీకు రాయడం ఇది మూడోసారి. మొదటిసారి రాస్తే ఫొటోలు పంపమన్నారు, పంపాను. రెండోసారి రాస్తే "విసరడం వల్ల జరిగిన నష్టానికి వారంటీ వర్తించదు" అని ఒక్క లైను జవాబు వచ్చింది. నేనే తప్పు చదువుతున్నానేమో అని మా ఆవిడ చేత కూడా చదివించాను. నేను మీ దగ్గర కొన్నది విసిరే కత్తులండీ. డబ్బా మీద "పోటీలకు తగిన త్రోయింగ్ సెట్" అని పెద్ద అక్షరాలతో అచ్చేసింది మీరే. విసరకుండా వాటితో ఏం చేయాలో కూడా చెప్పండి. అంచుకు పదునుండదు, ఉల్లిపాయ కూడా తెగదు. (అది తప్పని అనట్లేదు, విసిరే కత్తికి మొన వాడిగా ఉంటే చాలు.)

కత్తులూ గొడ్డళ్లూ చెక్క టార్గెట్ మీదికి గురిచూసి విసిరే ఈ ఆటలో ఆర్నెల్ల కిందట చేరాను. కండబలం ఉంటే చాలనుకుని వెళ్లాను, అది కాదని మొదటి రోజే తెలిసిపోయింది. అంతా దూరానికీ చుట్లకీ మధ్య లెక్క. 12 అడుగుల గీత దగ్గర నిలబడి చేతిగొడ్డలి వదిలితే అది గాల్లో ఒక్క చుట్టు తిరిగి అంచుతో దిగాలి, చుట్టు కాస్త అటూ ఇటూ అయితే పిడి ముందు తగిలి ఠపీమని కింద పడుతుంది. కత్తిదీ అదే వరస, కాకపోతే దానికి చాదస్తం ఇంకా ఎక్కువ. అరడుగు ముందుకో వెనక్కో జరిగామంటే దిగే కోణం మారిపోతుంది. అందుకే పోటీల్లో ఆడేవాళ్లు బరువు, పొడుగు, బ్యాలెన్స్ అన్నీ ఒకేలా ఉన్న కత్తుల సెట్టునే వాడతారు. నేను మీ సెట్ కొన్నదీ "మూడూ అచ్చుగుద్దినట్టు ఒకటే" అన్న మీ మాట నమ్మే.

మొదటి నెలన్నర నన్ను నేనే తిట్టుకున్నాను. మొదటి కత్తి దిగేది, రెండోది వంకరగా దిగేది, మూడోది మాత్రం ఎప్పుడూ వెనక భాగంతో తగిలి పడిపోయేది. మణికట్టు తిప్పుతున్నాను కాబోలు, అడుగు తేడా పడుతోంది కాబోలు అనుకుని నేల మీద సుద్దతో పాదాల గుర్తులు కూడా గీసుకున్నాను. చివరికి మా కోచ్ తన కత్తులు మూడూ నా చేతికిచ్చి, అదే గీత దగ్గరి నుంచి విసరమన్నాడు. మూడూ దిగాయి! ఆ రాత్రే మీ కత్తుల్ని వంటింటి త్రాసు మీద పెట్టాను. 212 గ్రాములు, 238, 251. వేలి మీద నిలబెట్టి చూస్తే ఒకటి సరిగ్గా మధ్యలో ఆగింది, బరువైనది మధ్య కంటే రెండు వేళ్లు పిడి వైపు జరిపితేగానీ ఆగలేదు. అచ్చుగుద్దడం అంటే ఇదేనా?

ఇంతవరకే అయితే పోనీలే అని ఊరుకునేవాణ్ణి. కానీ పోయిన ఆదివారం జరిగింది వేరే. టార్గెట్ గోడ కాదు, రాయి కాదు (మీ మనిషి ఫోన్లో "గోడకేసి కొట్టారా సార్" అని అడిగాడు కాబట్టి చెబుతున్నాను). మెత్తటి చెక్క దుంగను అడ్డంగా కోసిన చక్రం అది, ముందురోజు రాత్రే నీళ్లతో తడిపి ఉంచాం. రెండో కత్తి విసిరాను. తగిలిన చప్పుడే తేడాగా వచ్చింది, గాజు పగిలినట్టు. పిడి ఉన్న భాగం కింద పడింది, గోరంత మొన ముక్క వెనక్కి ఎగిరి నా పక్కగా వెళ్లి, గీత వెనకాల తన వంతు కోసం నిలబడ్డ కుర్రాడి కళ్లజోడుకు టంగుమని తగిలి పడింది. కళ్లజోడు లేకపోతే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి. నాకైతే చేతులు వణికాయి, ఆ రోజు మళ్లీ విసరలేదు.

విరిగిన చోట చూస్తే ఉక్కు పంచదార పలుకుల్లా మెరుస్తోంది. గట్టిపరిచేటప్పుడు మరీ ఎక్కువ వేడి చేస్తే ఇలా పలుకు లావై పెళుసెక్కుతుందని ఒక కమ్మరి మిత్రుడు చెప్పాడు. వంటింటి కత్తికి అంచు నిలవాలి కాబట్టి గట్టి ఉక్కు కావాలి, విసిరే కత్తికి దెబ్బ ఓర్చుకునే ఉక్కు కావాలి. మా కోచ్ కత్తుల మొనలు వంగుతాయి, సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి, ఆకురాయితో రాసుకుని మళ్లీ వాడుకుంటాడు. విరగడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

మీ దగ్గరే కొన్న గొడ్డలి సంగతి కూడా క్లుప్తంగా చెబుతాను. పిడి చెక్కలో గీతలు తల నుంచి కింది దాకా నిలువుగా సాగాలి, మీ పిడిలో సగం దూరంలోనే పక్కకు వాలిపోయాయి. సరిగ్గా అక్కడే పగులొచ్చింది. తలలో బిగువు కోసం కొట్టే చెక్క చీల కూడా వదులైంది, ఊపితే లొటలొటలాడుతోంది. దాన్ని నేను ముట్టుకోవట్లేదు.

ఇక నాకు కావలసింది చెబుతాను. సెట్ మొత్తానికి డబ్బు వాపసు కావాలి. ఇంకో సెట్ పంపుతాం, కూపన్ ఇస్తాం అంటే వద్దు. ఇదే బ్యాచ్ కత్తులు కొన్న మిగతావాళ్లకు వాడొద్దని మెసేజ్ పెట్టండి, నాకు డబ్బు రావడం కంటే ముందు ఆ పని జరగాలి. వారంటీ కాగితంలో ఆ లైను ఎవరు రాశారో, ఎందుకు రాశారో ఒక మనిషి చేత ఫోన్ చేయించి చెప్పించండి, నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

పది రోజులు చూస్తాను. ఆ తర్వాత బిల్లు, ఫొటోలు, త్రాసు మీద తీసిన వీడియో, మీ ఒక్క లైను జవాబు అన్నీ కలిపి వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. మొన ముక్క చిన్న సీసాలో వేసి దాచాను. పరీక్ష చేసుకుంటామంటే పంపిస్తాను, కొరియర్ ఖర్చు మీదే.

ఇట్లు,
మీ సెట్ కొన్న కస్టమర్
(ఆర్డర్ వివరాలు మొదటి ఉత్తరంలోనే ఉన్నాయి, మళ్లీ అడగొద్దు)