పాత గిటార్‌కు రంగు కొట్టించకండి, ముందు విప్పి చూడండి

సంపాదకులకు నమస్కారం.

బెజవాడ, గుంటూరుల్లో చర్చి స్టోర్ రూముల్లో, ఒకప్పటి ఆర్కెస్ట్రా వాళ్ల ఇళ్లలో అటకల మీద పాత ఎలక్ట్రిక్ గిటార్లు ఇంకా చాలానే ఉన్నాయి. వాయించిన పెద్దాయన పోయాక పిల్లలు వాటిని అమ్మకానికి పెడుతున్నారు. అమ్మే ముందు చాలామంది చేస్తున్న పని, ఆటోనగర్‌లో కార్లకు రంగు కొట్టే షెడ్డుకు పంపి తళతళలాడేలా చేయించడం. గిటార్ నిజంగా పాతదీ అసలుదీ అయితే దాని విలువలో సగం దాకా ఆ షెడ్డులోనే పోతుంది. గీతలు పడినా, రంగు పెచ్చులూడినా, ఫ్యాక్టరీలో వేసిన రంగుకే కొనేవాడు డబ్బు పెడతాడు. ఈ సంగతి తెలియక జరుగుతున్న నష్టం చూసి ఈ లేఖ రాస్తున్నాం.

హెడ్‌స్టాక్ (తీగలు బిగించే కీలుండే తల భాగం) మీద పేరు చూసి ధర కట్టొద్దు. ఆ స్టిక్కర్లు విడిగా దొరుకుతాయి. పైగా గివ్‌సన్ కోల్‌కతాలో తయారయ్యే మన బ్రాండు, గిబ్సన్ అమెరికాది. రెంటికీ సంబంధం లేదు. గివ్‌సన్‌ను గివ్‌సన్‌గానే అమ్మితే ఎవరికీ ఇబ్బంది లేదు, నేర్చుకునే పిల్లలకు పనికొస్తుంది.

అమెరికా కంపెనీ ఫెండర్ గిటార్ అంటున్నారా, తీగలన్నీ వదులు చేసి, వెనక ప్లేటుకున్న నాలుగు స్క్రూలు విప్పండి. 1970లలో వచ్చిన కొన్ని స్ట్రాటోకాస్టర్ మోడల్ ఫెండర్లకు మూడే ఉంటాయి. స్క్రూ తలకు సరిగ్గా కూర్చునే స్క్రూడ్రైవర్ వాడాలి, తల అరిగితే అదీ ఒక లోపంగానే లెక్క. నెక్‌ను, అంటే పొడవాటి మెడ భాగాన్ని, పక్కకు తిప్పకుండా నేరుగా పైకి లేపండి. దాని మడమ (గిటార్ ఒంటికి బిగిసే కొస) దగ్గర పెన్సిల్ రాతో, సిరా ముద్రో కనిపించాలి. 1962 నుంచి వాడిన ముద్ర ‘2 అక్టోబర్ 65 బి’ అన్న పద్ధతిలో ఉంటుంది. అక్టోబర్ 2వ తేదీ అనుకుంటారు కానీ ఆ మొదటి అంకె తేదీ కాదు, నెక్ ఏ మోడల్‌కు చేశారో చెప్పే సంఖ్య. చివరి అక్షరం నట్ (హెడ్‌స్టాక్ మొదట్లో తీగలు ఆనే పట్టీ) దగ్గర వెడల్పు, బి అంటే అంగుళమూ ఐదు బై ఎనిమిది. 1965 జనవరిలో ఫెండర్ కంపెనీ అమెరికా ప్రసార సంస్థ సీబీఎస్ చేతికి వెళ్లింది. అంతకుముందు చేసినవాటికి ధర బాగా ఎక్కువ కాబట్టి ఈ ముద్రను దిద్దినవాళ్లూ ఉంటారు, భూతద్దం పెట్టి చూడండి. 1976 దాకా వెనక ప్లేటు మీద కొట్టిన నంబరుతో కచ్చితమైన ఏడాది తెలియదు. ప్లేట్లను డబ్బాలోంచి చేతికందింది తీసి బిగించేవారు. తర్వాత నంబరు హెడ్‌స్టాక్ మీదికి మారింది. ఎస్ 7 అంటే 1977, ఇ 1 అంటే 1981. అందులోనూ ఏడాది రెండేళ్లు అటూ ఇటూ ఉంటుంది.

ఆ తర్వాత పిక్‌గార్డ్ (ముందు వైపు బిగించిన పలక) తీసి వాల్యూమ్, టోన్ పాట్లను, అంటే నాబ్‌ల కింద ఉండే భాగాలను చూడండి. వాటి వీపు మీద అంకెలుంటాయి. 1376632 అని ఉంటే 137 తయారీదారు సీటీఎస్, 66 సంవత్సరం, 32 ఆ ఏడాది వారం. 304తో మొదలైతే స్టాక్‌పోల్. పాట్ కన్నా గిటార్ పాతది కాలేదు గానీ కొత్తది కావచ్చు. ఫెండర్ 1966లో పాట్లను భారీగా కొని పెట్టుకుంది, అవి 1960ల చివరి దాకా గిటార్లలో కనిపిస్తూనే ఉన్నాయి. పాట్ మీదున్న టంకాన్ని ఎవరైనా కదిలించారా అన్నది అంకెల కన్నా ముఖ్యం. అసలు టంకం మసకబారి ఉంటుంది. మళ్లీ చేసిన చోట మెరుపు, పక్కన కాలిన జిగురు మరక, కొత్త ప్లాస్టిక్ వైరు కనిపిస్తాయి.

గిబ్సన్‌కు 1977 నుంచి ఎనిమిది అంకెల నంబరు. మొదటిదీ ఐదోదీ కలిపితే సంవత్సరం, మధ్య మూడూ ఆ ఏడాదిలో ఎన్నో రోజు. 82765501 అంటే 1985లో 276వ రోజు, అంటే అక్టోబర్ 3. 1960ల నంబర్లు ఒకటే రెండు మూడు గిటార్లకు పడ్డాయి, వాటిని నమ్మి ఏడాది చెప్పకూడదు. హెడ్‌స్టాక్ వెనక ‘మేడ్ ఇన్ యూఎస్‌ఏ’ ముద్ర 1970 నుంచి వచ్చింది, 1962 అని చెప్పే గిటార్ మీద అది ఉంటే అనుమానించాల్సిందే. గిబ్సన్ హెడ్‌స్టాక్ వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి కింద పడితే నట్ వెనకే విరుగుతుంది. ఎంత బాగా అతికించినా ధర సగానికి దగ్గరగా పడిపోతుంది. ఏటవాలు వెలుతురులో అక్కడ గోటితో రాసి చూడండి, అతుకు తగులుతుంది.

జపాన్ గిటార్లను చిన్నచూపు చూడకండి. 1970ల ఐబనెజ్, గ్రెకో, టోకాయ్ మంచి చేతిపని. ఐబనెజ్ నంబరు ఎఫ్ 76తో మొదలైతే 1976 జూన్, ఎ జనవరి, ఎల్ డిసెంబర్. 1977లో ఐబనెజ్ అమెరికా పంపిణీదారు మీద గిబ్సన్ మాతృసంస్థ వేసిన దావా హెడ్‌స్టాక్ ఆకారం గురించే. ‘లాసూట్ (దావా) గిటార్’ అంటూ ప్రతి జపాన్ నకలుకూ ధర పెంచడం అన్యాయం.

రంగు అసలుదా కాదా తేల్చాలంటే నెక్ కూర్చునే గూటిలో, వెనక స్ప్రింగుల గదిలో చూడండి. షెడ్డులో కొట్టిన రంగు అక్కడ గరుకుగా ఎగిరి పడి ఉంటుంది, లేదా కింద వేరే రంగు బయటపడుతుంది. దుకాణాల్లో నోట్లు పరీక్షించే అల్ట్రావయొలెట్ లైటు చీకట్లో పెడితే పాత నైట్రో లక్క (నైట్రోసెల్యులోజ్ పూత) పసుపు పచ్చగా వెలుగుతుంది, కొత్తగా తాకించిన చోట్లు నల్లమచ్చల్లా కనిపిస్తాయి.

పికప్‌ల (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే కాయిళ్ల) సంగతి మల్టీమీటర్ చెబుతుంది. కేబుల్ గుచ్చి, నాబ్‌లన్నీ 10 మీద పెట్టి, స్విచ్‌తో ఒక్కో పికప్‌నే ఎంచుకుని, కేబుల్ రెండో కొస దగ్గర కొలవండి. స్ట్రాటోకాస్టర్ పికప్ దాదాపు 6 కిలో ఓమ్‌లు, గిబ్సన్ హంబకర్ (రెండు కాయిళ్ల పికప్) 7 నుంచి 9. మీటర్ 250 కిలో ఓమ్‌ల దగ్గర ఆగితే సంతోషించకండి. అది వాల్యూమ్ పాట్ విలువ, లోపల వెంట్రుకకన్నా సన్నటి రాగి తీగ తెగిందన్నమాట. చెమట, ఉప్పదనం దాన్ని తినేస్తాయి. మన మే నెలలో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. వేడికి రాగి నిరోధం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర 6 ఉన్న పికప్ 40 డిగ్రీల్లో దాదాపు 6.5 చూపిస్తుంది. అది చూసి ‘రీవైండ్ చేశారు’ (కాయిల్ తీగ మళ్లీ చుట్టారు) అని ధర తగ్గించమనడం తప్పు.

నెక్ కోసం ఒక తీగను మొదటి ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ) దగ్గరా, చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కి, ఏడో ఫ్రెట్ మీద సందు చూడండి. విజిటింగ్ కార్డు మందం ఉంటే చాలు. అంతకన్నా ఎక్కువుంటే ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) పావు చుట్టు మాత్రమే బిగించండి. ఏళ్లతరబడి కదలని ఆ రాడ్ మరనట్టును బలంగా తిప్పితే రాడ్ తెగుతుంది, ఫింగర్‌బోర్డు (ఫ్రెట్లు బిగించిన చెక్క) ఊడదీస్తే తప్ప బాగవదు.

ధర కట్టేటప్పుడు అడిగే ధరలు కాదు, రివర్బ్, ఈబే లాంటి వెబ్‌సైట్లలో నిజంగా అమ్ముడైన ధరలు చూడండి. డాలరును రూపాయల్లోకి మార్చేసి అదే మన ధర అనుకోవద్దు, రవాణా, సుంకం, కొనేవాడి భయం అన్నీ అందులోంచే పోతాయి. మార్చిన కీలు, పికప్‌లు, పాట్లు, బ్రిడ్జ్ మూత, పాత పెట్టె ఇంట్లో ఎక్కడున్నా వెతికి గిటార్‌తోనే ఇవ్వండి. విదేశాలకు అమ్మాలనుకుంటే ఫింగర్‌బోర్డు బ్రెజిలియన్ రోజ్‌వుడ్ అవునో కాదో తేల్చుకోండి. ఆ చెక్క 1992 నుంచి సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది, అనుమతి లేకుండా సరిహద్దు దాటించకూడదు.

మీ పత్రికకు ఒక విన్నపం. క్లాసిఫైడ్స్‌లో పాత గిటార్ ప్రకటన ఇచ్చేవాళ్లను సీరియల్ నంబరు, పాట్ కోడ్, మళ్లీ రంగు వేయించారా లేదా అన్న మూడు వివరాలు తప్పనిసరిగా రాయమని అడగండి. ఒక లైను పెరుగుతుంది, అంతే. కొనేవాళ్లు కూడా ఆ మూడింటినీ రశీదు మీద రాయించుకుని సంతకం తీసుకోవాలి.

ఇట్లు,
గిటార్లు మరమ్మతు చేసే కొందరం,
గవర్నర్‌పేట, విజయవాడ