రంగు వేయొద్దు

అమ్మలూ,

పాత ఇనుప సామానుతో గోడకి పెట్టేలా నువ్వు చేసిన శిల్పం ఫొటో చూసి "ఇది దేని బొమ్మే?" అని ఫోన్లో అడిగాను. నువ్వు చిన్నబుచ్చుకున్నావు. నాలుగు రోజులు తీసి చూస్తే, దేని బొమ్మా కాదని తెలిసింది. బేరింగు రింగులన్నీ ఒక పక్కకి దొర్లుతున్నట్టుంటే, ఆ వంగిన రేకు ఒక్కటే అడ్డం పడి ఆపుతోంది. బాగుంది.

మొత్తానికి నల్లరంగు కొట్టేయనా అన్నావు. అమెరికా శిల్పి లూయీస్ నెవెల్సన్ 1958లో 'స్కై కెథీడ్రల్' చేసినప్పుడు అదే చేసింది. కుర్చీ ముక్కలు, కడ్డీలు, నగిషీ చెక్కలు పెట్టెల్లో పేర్చి అన్నిటికీ ఒకే నలుపు వేసింది. ఏది ఎక్కడిదో మరిచిపోయి నీడలే చూస్తాం. ఘనా శిల్పి ఎల్ అనట్సుయ్ దారి వేరు. మద్యం సీసాల మూతలు చదును చేసి, రాగితీగతో కుట్టి గోడంత దుప్పటి చేస్తాడు. దగ్గరికెళితే మూతల మీది పేర్లు ఇంకా కనిపిస్తుంటాయి. నా ఓటు ఇతనికే. ముప్ఫై ఏళ్ళు ఫిట్టరుగా చేసినవాణ్ణి, షాఫ్టు అరిగిన చోటు, సుత్తి దెబ్బ పడిన గుంట కప్పేస్తానంటే ప్రాణం ఒప్పదు. రాలే తుప్పు వైర్ బ్రష్‌తో తీసి మైనం పట్టించు, చాలు.

జింకు పూత రేకుని ఉన్నపళాన వెల్డింగ్ చేయకు. ఆ తెల్లపొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం. నేను పడ్డాను. అతుకు చుట్టూ పూత గ్రైండర్‌తో తీసేసి, కిటికీలు తెరిచి, మాస్కు పెట్టుకుని చెయ్యి (గుడ్డ కట్టుకుంటే సరిపోదు). రాగి ఇనుముని నేరుగా తాకితే, చెమ్మ తగిలినప్పుడు తినేసేది ఇనుమునే. మధ్యలో నైలాన్ వాషర్ వెయ్యి.

ఇక మేకుకి తగిలించే మాట మరిచిపో. మిల్లీమీటరు మందం ఇనుప రేకు చదరపు మీటరుకి దాదాపు 7.85 కిలోలు, గేర్లూ బేరింగులూ వేరే. గోడకి ఏటవాలుగా కోసిన పట్టీ ఒకటి బోల్టులతో బిగించి, నీ శిల్పం వెనకవైపు ఎదురుకోత పట్టీ పెడితే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. గోడకి రెండంగుళాలు ఎడం ఉంచు. లైటు పక్కనుంచి వెయ్యి, అప్పుడు చూడు నీడల్ని.

ఎడమ మూల పళ్ళచక్రం నా పెట్టెలోంచి తీసుకెళ్ళిందే కదా? విరిగిన ఆ మూడు పళ్ళ దగ్గర రేకు అతికించకు. పని నేర్చుకునే రోజుల్లో వాటిని విరగ్గొట్టింది నేనే.

నాన్న